ఎండకు బతికిన మందు, ఎండకు చచ్చిన మందు

1687 జూన్ నాటికి ఔరంగజేబు సేనలు గోల్కొండను చుట్టుముట్టి నాలుగు నెలలు దాటింది. ఫిరంగులకు లొంగని కోటను కింద నుంచి ఎగరగొట్టాలని మొగలులు బురుజుల కిందికి సొరంగాలు తవ్వించి, వాటి నిండా తుపాకిమందు కూరారు. కోటలోవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. వాళ్లూ లోపలి నుంచి ఎదురు సొరంగం తవ్వి, మందు ఎక్కడుందో పట్టేశారు. తమ వైపు దొరికినంత మందు తోడేసుకున్నారు. మిగిలినదాని మీద నీళ్లు కుమ్మరించారు. ఈ సంగతి తెలియని మొగలులు ముహూర్తం చూసుకుని వత్తి అంటించారు. కోటవైపు మందు తడిసి ముద్దగా పడి ఉంది. పొడిగా మిగిలింది బయటివైపు మందు ఒక్కటే. అది పేలేసరికి రాళ్లూ మట్టీ లేచి, దాడికి సిద్ధంగా నిలబడ్డ మొగలు సైనికుల మీదే పడ్డాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారని చరిత్రకారులు రాశారు.

చివరికి సెప్టెంబరులో కోట పడిపోయింది. పడగొట్టింది తుపాకిమందు కాదు, రాత్రిపూట లోపలి నుంచి తలుపు తీసిన ద్రోహం. అది అందరూ చెప్పుకునే కథే. నీళ్ల బిందెలతో గెలిచిన ఆ జూన్ పూట గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ.

డెబ్భై ఏళ్ల తరవాత, 1757 జూన్ 23న ప్లాసీలో ఇంకో పాఠం నడిచింది. మధ్యాహ్నం పెద్ద వాన పడింది. క్లైవు మనుషులు చినుకు పడగానే తమ మందు మీద టార్పాలిన్లు కప్పేశారు. సిరాజుద్దౌలా వైపు మందు చాలావరకు తడిసిపోయింది. వాన వెలిశాక, ఇంగ్లిషువాళ్ల ఫిరంగులూ మూగబోయి ఉంటాయన్న ధీమాతో నవాబు అశ్వికులు ముందుకు దూకారు. ఎదురు నుంచి గుండ్లు వచ్చాయి. ప్లాసీ ఫలితానికి మీర్ జాఫర్ కుట్రే అసలు కారణమన్నది నిజమే. అయినా ఆ రోజు లెక్కలో టార్పాలిన్‌కు రావలసిన వాటా టార్పాలిన్‌కు ఇవ్వాలి.

పాత తుపాకిమందులో ఉండేవి మూడే సరుకులు. నూటికి 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. సురేకారాన్ని మన ఊళ్లలో పెట్లుప్పు అనేవాళ్లు. పాటి మట్టిని నీళ్లలో కలిపి, వడగట్టి, కాచి తీసేవాళ్లు. పద్ధెనిమిదో శతాబ్దానికి బీహారు సురేకారం మీద ఇంగ్లిషు కంపెనీ పట్టు బిగించింది, యూరపు యుద్ధాలకు కావలసిన మందులో పెద్ద భాగం ఆ ఉప్పుతోనే తయారయింది. ఈ మూడు సరుకుల్లో తేమను పట్టేది ఒకటి బొగ్గు, రెండోది సరిగా శుద్ధి చేయని సురేకారం. సురేకారంలో మామూలు ఉప్పు, సోడియం లవణాలు ఏ కాస్త మిగిలినా అది వానాకాలపు గాలిలో చెమర్చేది. మందు గడ్డకట్టేది. గడ్డకట్టిన మందు మండుతుంది గాని పేలదు, గుండు నాలుగడుగుల్లో రాలిపోతుంది.

అయితే ఆ మందులో ఒక గొప్ప గుణం ఉంది. పొడిగా ఉన్నంతకాలం దానికి వయసు రాదు. లోపల రసాయన మార్పేదీ జరగదు, పదేళ్లు ఉంచినా నూరేళ్లు ఉంచినా ఒకటే. 2008లో అమెరికాలోని వర్జీనియాలో పాత ఫిరంగి గుండ్లు సేకరించే ఒకాయన, అంతర్యుద్ధం నాటి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. తయారై నూట నలభై ఏళ్లు దాటిన గుండు అది. తడిసిన మందును సైతం చాలాసార్లు ఎండబెట్టి బాగుచేసుకోవచ్చు. దీపావళికి నాలుగు రోజుల ముందు మేడ మీద చాప పరిచి మతాబులూ చిచ్చుబుడ్లూ ఎండబెట్టే ప్రతి తెలుగు ఇల్లూ ఈ పాత విద్యను ఇంకా పాటిస్తూనే ఉంది. ఎండ తగిలితే మందుకు ప్రాణం లేచివస్తుందన్నది తరతరాల అనుభవం. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అది సైన్యాల అనుభవం కూడా.

పాత మందుకు రెండో భయం నిప్పురవ్వ. ఈ రెండు భయాలకూ పొత్తు కుదరకపోవడమే మందుగుండు కొట్లు కట్టినవాళ్ల తలనొప్పి. తేమ చేరకుండా ఉండాలంటే గాలి ఆడాలి, కిటికీలు పెట్టాలి. రవ్వ రాకుండా ఉండాలంటే కిటికీలు ఉండకూడదు. దీనికి యూరపు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ఇప్పటికీ పాత కోటల్లో చూడవచ్చు. మందమైన గోడలో గాలిసందు తిన్నగా లోపలికి పోదు, మధ్యలో ఒక దిమ్మె అడ్డం వస్తుంది, సందు దాన్ని చుట్టి వంకరగా తిరుగుతుంది. గాలి వంక తిరిగి లోపలికి పోతుంది, ఎగిరివచ్చిన రవ్వ మాత్రం దిమ్మెకు తగిలి ఆగిపోతుంది. లోపల నేలకు చెక్కపలకలు, వాటికి ఇనుప మేకులకు బదులు చెక్క సీలలో రాగి మేకులో. పీపాలకు రాగి పట్టీలో చెట్టు బద్దల పట్టీలో. అడుగుపెట్టేవాడు జేబులోని తాళాలు, చాకు, చకుముకి రాయి బయట పెట్టి, మేకులు లేని చెప్పులు తొడుక్కుని రావాలి. ఓడల్లోనైతే మందుగదిలోకి దీపమే రానివ్వరు. పక్క గదిలో లాంతరు పెట్టి, దళసరి గాజు పలక గుండా వెలుగు ఇవతలికి పడేలా చూసేవాళ్లు. పీపాల్ని ఒకే తీరున వదిలేయకుండా అప్పుడప్పుడూ దొర్లించడమూ కొట్టు కాపరి పనుల్లో ఒకటి. లేకపోతే మందు అడుగున గట్టిపడేది.

ఇవన్నీ తెలిసి కూడా కొట్టును ఊరి నడిమధ్య పెట్టుకున్న ఊళ్లు ఎన్నో. హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో ఒక పాత మఠంలో సుమారు 30 టన్నుల మందు దాచారు. 1654 అక్టోబరు 12న కొట్టు బాధ్యత ఉన్న అధికారి తనిఖీకి తలుపు తీసి లోపలికి వెళ్లాడు. అంతే, పట్టణంలో పెద్ద భాగం నేలమట్టం. రెంబ్రాంట్ శిష్యుడు, చిత్రకారుడు కారెల్ ఫాబ్రిషియస్ ఆ పేలుడులోనే పోయాడు. ఆయన బొమ్మల్లో మనకు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఇటలీలోని బ్రేషియాలో తప్పు మనిషిది కాదు, మెరుపుది. 1769లో అక్కడి చర్చి మీద పిడుగు పడింది. దాని కింద వెనిస్ ప్రభుత్వం దాచిన మందు అంటుకుని ఊరిలో ఆరోవంతు కూలిపోయింది. ఆ వార్త లండన్ చేరాక ఆయుధ శాఖవాళ్లకు గుండె గుభేలుమంది, ఎందుకంటే థేమ్స్ ఒడ్డున పర్‌ఫ్లీట్‌లో వాళ్లు అంతకంటే పెద్ద కొట్లు అప్పుడే కట్టుకున్నారు. 1772లో రాయల్ సొసైటీ ఒక సంఘం వేసింది. అందులో హెన్రీ కావెండిష్, అప్పటికి లండన్‌లోనే ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ సభ్యులు. మెరుపు కడ్డీ మొన తేలి ఉండాలని ఫ్రాంక్లిన్, గుండ్రంగా ఉండాలని బెంజమిన్ విల్సన్ వాదించుకున్నారు. ఫ్రాంక్లిన్ మాట నెగ్గింది. 1777లో పర్‌ఫ్లీట్‌లోని భవనానికి మెరుపు తగిలి కొద్దిపాటి నష్టం జరిగేసరికి గొడవ మళ్లీ లేచింది. అప్పటికి అమెరికా తిరుగుబాటు నడుస్తోంది. తిరుగుబాటుదారు చెప్పిన మొన కడ్డీ తన కొట్ల మీద ఏమిటని మూడో జార్జి రాజు గుండ్రటి కడ్డీ పక్షం చేరాడు. మందుగుండు భద్రతలోకి రాజకీయం దూరడం కొత్తేమీ కాదు.

మన దేశంలో ఇదే ప్రశ్న 1857లో ఢిల్లీని నిలదీసింది. కాశ్మీరీ దర్వాజాకు దగ్గరలో, నగరం లోపల కంపెనీ ఆయుధాగారం ఉండేది. ప్రమాదమని మందులో పెద్ద నిల్వను నగరం బయట, యమున ఒడ్డున వజీరాబాద్‌లో ఉంచారు. మే 11న మీరట్ నుంచి సిపాయిలు వచ్చిపడ్డారు. లెఫ్టినెంట్ విలోబీ, మరో ఎనిమిదిమంది ఇంగ్లిషువాళ్లు ఆయుధాగారంలో తలుపులేసుకుని, ఇక నిలబడలేమని తేలాక తామే పేల్చేశారు. గోడల కింద చుట్టుపక్కల జనం వందల సంఖ్యలో నలిగిపోయారు. అంత చేసినా మందు సిపాయిలకు దక్కకుండా పోలేదు, వజీరాబాద్ నిల్వ వాళ్ల చేతికి పోయింది. ఊరికి మంచి చేద్దామని బయట పెట్టిన కొట్టుకు గట్టి కాపలా లేదు. కాపలా ఉన్న కొట్టు ఊరి మీద పేలింది. ముట్టడి ముదిరాక ఢిల్లీ జనం తిలంగాలని పిలిచే ఆ సిపాయిలు నగరంలోనే మందు తయారీ మొదలుపెట్టారు. ఆగస్టు 7న చూడీవాలాన్ ప్రాంతంలోని ఆ కార్ఖానా కూడా పేలి వందలమంది పనివాళ్లు చనిపోయారు.

ఆ తిరుగుబాటుకు నిప్పంటించిన ఎన్‌ఫీల్డ్ తూటా కథ అందరికీ తెలుసు: ఆవు కొవ్వు, పంది కొవ్వు, నోటితో కొరకడం. దానికి ముందు జరిగిన ముచ్చట అంతగా తెలియదు. కాగితపు తూటాకు పూసే కొవ్వు రెండు పనులు చేయాలి. గుండు గొట్టంలోకి సులువుగా దిగాలి, కాగితం తేమ పీల్చకూడదు. ఇంగ్లండులో గట్టిగా ఉండే కొవ్వు ఇక్కడి ఎండకు కరిగి కాగితంలోకి ఇంకిపోతే మందే పాడవుతుంది. అందుకని 1853లో కొన్ని తూటాలను కేవలం ఈ వాతావరణ పరీక్ష కోసమే ఇండియాకు పంపారు. కలకత్తా ఫోర్ట్ విలియంలో, కాన్పూరులో, రంగూనులో కాపలా సిపాయిల తోలుసంచుల్లో వాటిని నెలల తరబడి తిప్పారు. తరవాత నివేదికతో సహా ఇంగ్లండుకు వెనక్కి పంపారు. ఆ కొవ్వులో ఏముందో తేల్చకుండా దేశీ సైనికులకు ఇవ్వవద్దని అడ్జుటెంట్ జనరల్ కల్నల్ టక్కర్ 1853 డిసెంబరులోనే హెచ్చరించాడు. కొవ్వు ఎండకు ఆగుతుందా లేదా అన్నది శ్రద్ధగా పరీక్షించారు. మోసేవాడి మనసుకు ఆగుతుందా అన్న కాగితాన్ని పక్కన పెట్టారు. నిల్వ పరీక్షల చరిత్రలో ఇంత ఖరీదైన పరధ్యానం ఇంకోటి దొరకదు.

కాగితం పోయి ఇత్తడి తూటా వచ్చాక తేమ గొడవ తీరిపోయిందనుకున్నారు. గుల్ల ఇత్తడి, ముందు సీసపు గుండు, వెనక నిప్పు రగిలించే మూత, లోపల మందు. నీళ్లలో పడ్డా పనిచేస్తుంది. పెట్టెలు సైతం అంత పకడ్బందీగా చేశారు: చెక్కపెట్టె, లోపల తగరపు రేకు, మూతకు మర. ఆ పకడ్బందీతనమే 1879 జనవరిలో ఇసాండ్ల్‌వానా దగ్గర జూలూల చేతిలో ఇంగ్లిషు దళం తుడిచిపెట్టుకుపోవడానికి కారణమని చాలాకాలం చెప్పుకున్నారు, మరలు ఊడక తూటాలు అందలేదని. ఆ యుద్ధభూమిలో తవ్వి చూసినవాళ్లకు వంగిన మరలు దొరికాయి. అంటే కంగారులో మర తిప్పుతూ కూర్చోకుండా మూతను తన్ని తెరిచారన్నమాట. ఓటమికి కారణాలు వేరే ఉన్నాయి. పెట్టె మీద నింద వేయడం జనరళ్లకు సులువు.

ఇత్తడికి అసలు గండం ఇండియాలో, గుర్రపుశాలల్లో బయటపడింది.

వానాకాలంలో దండయాత్రలుండేవి కావు. ఆ నాలుగు నెలలూ తూటాల పెట్టెల్ని ఏదో ఒక కప్పు కింద పెట్టేవాళ్లు, దండులో ఎక్కువగా దొరికే కప్పు గుర్రపుశాలదే. వానలు వెలిశాక పెట్టె తెరిస్తే తూటాల మెడల దగ్గర నిలువుగా సన్నటి పగుళ్లు కనిపించేవి. గుల్ల ఎక్కడా తుప్పు పట్టలేదు, మెరుస్తూనే ఉంది, కానీ చీలిపోయింది. అలాంటి తూటా పేలిస్తే గాలి పక్కకు తన్నుకొస్తుంది, గుల్ల తుపాకిలోనే ఇరుక్కుంటుంది. ఏళ్ల తరబడి దీన్ని వానాకాలపు జబ్బుగా లెక్కగట్టారు. ఇది ఎందుకొస్తుందో 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చిచెప్పారు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా వానగాలిలోని తేమతో కలిసి ఇత్తడి మీద పనిచేస్తుంది. అది ఒక్కటే అయితే పైపైన మరకపడి ఊరుకునేది. కానీ తూటా గుల్లను చల్లటి ఇత్తడి రేకుతోనే సాగదీసి, మెడ దగ్గర నొక్కి సన్నం చేస్తారు. ఆ నొక్కుడు లోహంలో ఒత్తిడిగా మిగిలిపోతుంది. అమ్మోనియా ఇత్తడి రేణువుల మధ్య సందుల్లోకి దిగి, అప్పటికే బిగిసి ఉన్న చోట్లను విడగొడుతుంది. రెండూ కలిస్తేనే పగులు.

విరుగుడు కొట్టులో లేదు, కార్ఖానాలో ఉంది. మెడను నొక్కాక మళ్లీ కాస్త వేడిచేస్తే లోపలి ఒత్తిడి సడలిపోతుంది. సైన్యం వాడే రైఫిల్ తూటాను చేతిలోకి తీసుకుని చూస్తే మెడ దగ్గర నీలం, ఊదా కలిసిన నీడ కనిపిస్తుంది. అది మరక కాదు, ఆ వేడి చూపిన ఆనవాలు. బజారు తూటాలకు దాన్ని తుడిచి మెరుగుపెడతారు. సైన్యం కావాలనే వదిలేస్తుంది, తనిఖీ చేసేవాడికి వేడి పెట్టిన సంగతి కంటికి కనబడాలని.

ఈ లోపల గుల్లలోని మందే పూర్తిగా మారిపోయింది. 1846లో క్రిస్టియన్ షోన్‌బైన్ దూదిని ఆమ్లాల్లో ముంచి తీసి, పాత తుపాకిమందు కంటే ఎన్నో రెట్లు జోరుగా పేలే గన్‌కాటన్ చేశాడు. పొగ రాదు, మసి పట్టదు. మరుసటి ఏడాదే ఇంగ్లండులోని ఫావర్‌షామ్‌లో దాన్ని తయారుచేసే కార్ఖానా పేలి ఇరవైమంది దాకా పోయారు. ఆస్ట్రియా పట్టు విడవకుండా చాలాకాలం ప్రయత్నించింది, కొట్లు తమంత తామే పేలిపోతుంటే 1865లో నిషేధించింది. ఎవరూ వత్తి అంటించలేదు, పిడుగు పడలేదు, నీళ్లు తగలలేదు. అందరికీ మింగుడుపడనిది అదే.

దూది పోగు లోపల బోలుగా ఉంటుంది. అందులో చిక్కుకున్న ఆమ్లం ఎంత కడిగినా పోదు. అదే మెల్లగా మందును లోపల్నుంచి తినేది. ఇంగ్లండు రసాయనవేత్త ఫ్రెడరిక్ ఏబెల్ దీనికి కాగితం మిల్లు దారి పట్టాడు. దూదిని గుజ్జుగా నలగగొట్టి, పోగులు తెగ్గొట్టి, మళ్లీ మళ్లీ నీళ్లలో ఉడికించి కడిగించాడు. 1889లో ఆయన, జేమ్స్ డ్యువర్ కలిసి చేసిన కార్డైట్‌లో 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 పాళ్లు గన్‌కాటన్, 5 పాళ్లు వాజెలిన్. వాజెలిన్ ఎందుకు? తుపాకి గొట్టం జారుడుగా ఉంటుందని. ఆ పనికి అది పెద్దగా పనికిరాలేదు. కానీ మందు విడిపోతూ వదిలే విషవాయువుల్ని అది పట్టేసుకుని మందు ఆయుష్షు పెంచిందని తరవాత తెలిసింది. వేరే పనికి పెట్టిన మనిషి ఇంటికి కాపలా కాసినట్టయింది.

ఆ ఆయుష్షు లెక్క ఇలా ఉంటుంది. కొత్త మందు పొడిగా ఉన్నా, చీకట్లో ఉన్నా, ఎవరూ ముట్టకపోయినా రోజూ రవ్వంత విడిపోతూనే ఉంటుంది. అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. అవి పక్కనున్న మందును ఇంకా వేగంగా విడగొడతాయి. దాంతో వేడి పుడుతుంది, వేడి మళ్లీ వేగం పెంచుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ పని రెండు మూడు రెట్లు జోరందుకుంటుంది. పెట్టె మూత తీయగానే ముక్కుకు ఘాటైన ఆమ్లపు వాసన తగిలినా, ఎర్రటి పొగలాంటిది కనిపించినా ఆ మందుకు కాలం చెల్లినట్టే. ఎండబెడితే బాగుపడే మందు పోయి, ఎండలో పెడితే చచ్చే మందు వచ్చింది. వందల ఏళ్ల అలవాటు ఒక్క తరంలో తలకిందులైంది.

ఆ తరం చెల్లించిన మూల్యం తూలాన్ రేవులో తెలుస్తుంది. ఫ్రెంచివాళ్లు 1884లో పాల్ వ్యేయ్ కనిపెట్టిన పొగలేని మందును అందరికంటే ముందు వాడుకలోకి తెచ్చారు. అది విడిపోకుండా అమైల్ ఆల్కహాలు కలిపేవాళ్లు. ఆల్కహాలు ఆవిరైపోయే సరుకు. ఏళ్లు గడిచేకొద్దీ ఎగిరిపోయేది, మందు ఉత్తదిగా మిగిలేది. 1907 మార్చి 12న ఎండురేవులో మరమ్మతుకు నిలిపిన యేనా అనే యుద్ధనౌక మందుగదులు ఒకదాని వెంట ఒకటి పేలసాగాయి. ఎండురేవు కదా, గదుల్ని ముంచేద్దామంటే చుట్టూ నీళ్లు లేవు. పక్కనున్న పాత్రీ ఓడ రేవు తలుపును గుండుతో కొట్టి నీళ్లు రప్పిద్దామని చూసింది, గుండు జారిపోయింది. చివరికి రూ అనే యువ అధికారి వెళ్లి తూములు ఎత్తాడు, కాసేపటికే శకలాలు తగిలి చనిపోయాడు. మొత్తం మృతులు 120 మంది దాకా. విచారణలు జరిగాయి, నౌకాదళ మంత్రి పదవి ఊడింది, మందు మాత్రం మారలేదు. 1911 సెప్టెంబరు 25 తెల్లవారుజామున అదే తూలాన్‌లో లిబెర్తే అనే యుద్ధనౌక పేలింది. ఈసారి సుమారు 300 మంది. అప్పుడు గాని ఫ్రాన్సు డైఫినైలమైన్ కలపడానికి ఒప్పుకోలేదు. ఆ సంగతి జర్మన్లకు ఎప్పటినుంచో తెలుసు.

డైఫినైలమైన్ చేసే పని చిన్నది. పుట్టిన వాయువుల్ని పుట్టినచోటే పట్టేయడం. పాలల్లో తోడు పడకుండా చూసినట్టే, మొదటి చుక్కను ఆపగలిగితే మిగతాది నిలబడుతుంది. అయితే పట్టుకున్నకొద్దీ అది తానూ ఖర్చయిపోతుంది. అందుకే మందు వయసు ఎంతని ఇవాళ అడిగేవాళ్లు తయారీ తేదీ చూసి ఊరుకోరు. నమూనా తీసి, డైఫినైలమైన్ ఎంత మిగిలిందో లెక్కగడతారు. పూర్వం ఏబెల్ పరీక్ష ఒక్కటే దిక్కు. చిటికెడు మందు గాజుగొట్టంలో వేసి వేడినీళ్లలో నిలబెట్టాలి, పైన అయొడైడు, గంజి పట్టించిన కాగితం ముక్క వేలాడదీయాలి. కాగితం మీద తడికీ పొడికీ మధ్య లేత గోధుమరంగు గీత ఎన్ని నిమిషాలకు తేలిందో గడియారం చూసుకోవాలి. గీత తొందరగా వచ్చిందంటే ఆ సరుకంతా అనుమానాస్పదమే.

వేసవిలో ఇనుప రేకుల కొట్టు ఎంత కాగుతుందో ఎరిగినవాళ్లకు ఈ లెక్క మన దేశంలో ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లండు చలిలో పదేళ్లు మన్నే మందు ఇక్కడ అంతకాలం మన్నుతుందని నమ్మకం లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో కార్డైట్‌ను ఇక్కడే తయారుచేసుకోవడానికి నీలగిరుల్లో అరువంకాడు కార్ఖానా వెలిసింది. ఊటీకి పోయే చిన్న రైలు ఇప్పటికీ దాని పక్క నుంచే వెళుతుంది. ఓడల్లో మందుగదులకు శీతల యంత్రాలు బిగించారు. బిగించినా మనుషుల ఇరుకు వల్ల మందు వేడిగోడ పక్కకు చేరేది. 1914 నవంబరు 26న షీర్‌నెస్ దగ్గర లంగరేసిన ఇంగ్లిషు యుద్ధనౌక బుల్వార్క్ పేలి 700 మందికి పైగా చనిపోయారు. కార్డైట్ పొట్లాలను బాయిలర్ల గది గోడ పక్క దారిలో పేర్చి ఉంచారని విచారణలో బయటపడింది. 1917లో స్కాపా ఫ్లోలో వాన్‌గార్డ్ పోయింది, అందులో 800 మందికి పైగా. ఈ రెండు ఓడలనూ ముంచింది శత్రువు కాదు.

కొట్టు ఎలా కట్టాలన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దపు జవాబు మళ్లీ ఒక పిడుగు నుంచే వచ్చింది. 1926 జులై 10న న్యూజెర్సీలోని లేక్ డెన్మార్క్ నౌకాదళ డిపో మీద మెరుపు పడింది. ఒక కొట్టు పేలి పక్కదాన్ని, అది ఇంకోదాన్ని పేల్చింది. మైలు దూరంలోని ఇళ్లు కూడా దెబ్బతిన్నాయి. 1928లో అమెరికా ఒక భద్రతా మండలి పెట్టుకుంది. అక్కడి నుంచి కొట్టు రూపం మారింది. కాంక్రీటు కమాను, దాని మీద మట్టి కుప్ప, మట్టి మీద గడ్డి, ముందొక ఉక్కు తలుపు. ఎంత సరుకుకు ఎంత దూరం వదలాలో పాత పేలుళ్ల కొలతల నుంచే పట్టికలు కట్టారు. ఒకటి పేలినా పక్కది పేలకూడదు, అదే లెక్క.

ఏ సరుకు పక్కన ఏ సరుకు పెట్టకూడదన్న నియమం మనవాళ్లకు బొంబాయిలో నెత్తుటితో అర్థమైంది. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, వేలకొద్దీ పత్తి బేళ్లు, నూనె డ్రమ్ములు, బంగారు కడ్డీలు కలిపి ఎక్కించారు. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాకులో పత్తి అంటుకుంది. పత్తిమంట పైకి కనబడకుండా లోపల్లోపలే కాలుతుంది. సాయంత్రం నాలుగు దాటాక రెండు పేలుళ్లు. వందలమంది చనిపోయారు, ఆ అదురు సిమ్లాలోని భూకంప యంత్రం మీద కూడా నమోదైంది. ఆ బంగారు కడ్డీలు ఏళ్ల తరవాత కూడా రేవు పూడిక తీస్తుంటే దొరికాయి.

2000 ఏప్రిల్ 28న భరత్‌పూర్ సైనిక డిపోను తగలబెట్టింది ఎండుగడ్డి. ఖర్చు తగ్గించుకోవడానికని రెండేళ్లపాటు గడ్డి కోయించలేదని తేలింది. పోయిన సరుకు విలువ వందల కోట్లు. గడ్డి కోత కూలి ఎంతయ్యేదో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. 2016 మే 31న అర్ధరాత్రి దాటాక మహారాష్ట్రలోని పుల్‌గావ్ కేంద్ర డిపోలో మంటలు లేచి 19 మంది చనిపోయారు. ట్యాంకుల మీద వాడే మందుపాతరల నుంచి టీఎన్‌టీ కారుతోందన్న సంగతి ఆ తరవాతే పెద్దగా చర్చకు వచ్చింది. టీఎన్‌టీ మామూలుగా స్థిరంగా ఉండే సరుకే. కానీ శుద్ధి సరిగా లేకపోతే వేడికి దానిలోని మలినాలు నూనెలా చెమర్చి పగుళ్లలోంచి బయటికి వస్తాయి. అప్పుడది మొండి సరుకు కాదు, ముట్టుకుంటే అలిగే సరుకు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన సంగతి బెల్జియంలో జరిగింది. 1917 జూన్ 7న మెసీన్ గట్టు కింద ఇంగ్లిషువాళ్లు సొరంగాల్లో పెట్టిన 19 పాతరల్ని ఒకేసారి పేల్చారు. వాడకుండా వదిలేసినవి కొన్ని మిగిలాయి. వాటిలో నింపింది అమ్మోనాల్, నీటి చుక్క తగిలితే పాడయ్యే సరుకు. అది తెలిసే నీరు చొరని డబ్బాల్లో కూరి పెట్టారు. 38 ఏళ్లు తడి బంకమట్టిలో పడి ఉన్నాక, 1955 జూన్‌లో ఉరుములు మెరుపుల పూట ఒక పాతర పేలింది. చచ్చింది ఒక ఆవు. ఆ డబ్బాలు మూసిన సైనికుడి పనితనం అంత గొప్పది.

కాలం చెల్లిన మందును ఏం చేయాలన్నది ఇంకో కథ. రెండు ప్రపంచ యుద్ధాల తరవాత చాలా దేశాలు సముద్రాన్ని నమ్ముకున్నాయి. స్కాట్లండుకూ ఉత్తర ఐర్లండుకూ మధ్య బ్యూఫోర్ట్స్ డైక్ అనే లోతైన పల్లంలో ఒక్క బ్రిటనే పది లక్షల టన్నులకు పైగా మందుగుండు పారబోసింది. 1995లో ఆ చుట్టుపక్కల గ్యాసు పైపు వేస్తుంటే అడుగున కదలిక వచ్చి, భాస్వరం నింపిన వేల డబ్బాలు స్కాట్లండు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆరబోసినట్టు ఒడ్డున పడి, ఆరగానే అంటుకునే డబ్బాలు. ఒక పిల్లవాడికి కాలింది. సముద్రంలో పారబోయడాన్ని 1972 నాటి లండన్ ఒప్పందం కట్టడి చేశాక, పాత సరుకును గుంటల్లో పెట్టి పేల్చడం ఒక ముఖ్యమైన దారిగా మిగిలింది. 2018 నవంబరు 20న పుల్‌గావ్ డిపో పక్క మైదానంలో అలా పేల్చడానికి తెచ్చిన పెట్టెల్ని దించుతుండగా ఒకటి పేలింది. ఆరుగురు పోయారు, వాళ్లలో ఎక్కువమంది దించే పనికి వచ్చిన చుట్టుపక్కల ఊళ్ల కూలీలు.